ఉద్యోగంలో వేధింపు పడి ఇంటికి వచ్చినవారికి పాడి



సాధారణంగా నేను మేత గురించో, లెక్కల పుస్తకాల గురించో రాస్తాను. ఈసారి ఒక మనిషి గురించి రాయవలసి వచ్చింది. లెక్కలు ఇందులోనూ ఉన్నాయి, విసుగుచెందకుండా చదవగోరుతాను.

కూచిపూడికి దగ్గరలో ఒక సంఘాన్ని తనిఖీ చేస్తున్నాను. (కూచిపూడి అనగానే పైఊళ్ళవారికి నాట్యమే గుర్తుకు వస్తుంది. తెల్లవారుజామున అక్కడా పాల క్యాన్ల చప్పుడు ఉంటుందని మనకు తెలుసు.) పాల సేకరణ రిజిస్టరులో ఒక సభ్యుని వరుస మూడు రోజులుగా ఖాళీగా ఉంది. గేదె వట్టిపోయేటప్పుడు పాలు కొంచెం కొంచెంగా తగ్గుతాయి. ఈయన రోజుకు 6 కిలోలు పోస్తూ పోస్తూ ఒక్కసారిగా ఆగిపోయాడు. ఏమిటని కార్యదర్శిని అడిగాను.

"ఏమీ లేదండీ, టెస్టరు వేళాకోళం ఆడాడు. ఆయన అలిగాడు" అన్నాడు.

సాయంకాలం వాళ్ళింటికి వెళ్ళాను. మనిషికి ముప్పయి అయిదేళ్ళుంటాయి. పట్నంలో ఒక ప్రైవేటు సంస్థలో ఎనిమిదేళ్ళు లెక్కలు రాశాడు. చివరి రెండేళ్ళు పైఅధికారి ఇతన్ని పట్టి పీడించాడు. నలుగురిలో ఎగతాళి చేయడం, చేసిన పనిని తీసివేసి మరొకరికి ఇవ్వడం, కుర్చీ మార్చి గుమ్మం పక్కన వేయించడం, రాత్రి పదకొండింటికి ఫోనులో సందేశాలు పెట్టి తెల్లవారి జవాబు ఏదని నిలదీయడం. చేయి చేసుకోలేదు, జీతం ఆపలేదు. అందుచేత బయటివారికి చెబితే "ఇదీ ఒక కష్టమేనా" అన్నారట. ఒకనాడు రాజీనామా రాసి ఇంటికి వచ్చాడు. "మా వాడు ఫోను మోగితే ఇప్పటికీ ఉలిక్కిపడతాడండీ" అన్నది తల్లి.

ఇట్టివారు మన గ్రామాలకు తిరిగి వస్తున్నారు. వారికి పాడి పనికి వస్తుందా అని నన్ను అడిగితే, వస్తుంది, కాని తొందర పడితే చెడుతుంది అంటాను.

ముందు చట్టం మాట. ఆడవారిపై పనిచేసే చోట జరిగే లైంగిక వేధింపుకు 2013 నాటి చట్టం ఉంది. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. అంతకన్న చిన్న చోట అయితే జిల్లాలోని స్థానిక కమిటీకి చెప్పుకోవచ్చు. మూడు నెలల లోపల రాసి ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ మరి మూడు నెలలు గడువు పెంచవచ్చు. ఇంకొక సంగతి మన కార్యదర్శులు గమనించవలెను. ఫిర్యాదు చేసే స్త్రీ అక్కడ ఉద్యోగి అయి ఉండనక్కరలేదు. పాలు పోయడానికి మన కేంద్రానికి వచ్చే ఆడకూతురికి కూడా ఆ రక్షణ ఉంది. ఇక పైన చెప్పినటువంటి ఎగతాళికి, పీడనకు మన దేశంలో ప్రత్యేకంగా ఒక చట్టమంటూ లేదు. కాబట్టి ఉద్యోగం వదలదలచినవారు ఆవేశంలో తెల్లకాగితం మీద సంతకం పెట్టి రాకండి. రావలసిన జీతం, ప్రావిడెంటు ఫండు, అనుభవ పత్రం అడిగి తీసుకోండి. వచ్చిన సందేశాలు చెరిపివేయకండి. మన కుర్రవాడు అన్నీ చెరిపివేశాడు. చూస్తే కడుపులో తిప్పుతున్నదట. తప్పు పట్టలేకపోయాను.

అతడు ఊరికి వచ్చిన కొత్తలో ఐదు గేదెలకు అప్పు తీయాలనుకున్నాడు. పోయిన పరువు ఒక్క ఏడాదిలో రాబట్టుకోవాలని మనసు పీకుతుంది. అప్పుడే జాగ్రత్త అవసరం. గేదె చూడి కాలం సుమారు 310 రోజులు. ఈనిన తరువాత తొమ్మిది, పది నెలలు పాలిస్తుంది. బాగా చూసుకుంటేనే ఈతకూ ఈతకూ మధ్య పద్నాలుగు, పదిహేను నెలలు. అంటే ఒక్క గేదె ఉన్న ఇంటికి నాలుగైదు నెలలు పాల డబ్బు రాదు. ఐదింటినీ ఒకేసారి కొంటే ఐదూ ఒకేసారి వట్టిపోతాయి, అప్పు వాయిదా మాత్రం వట్టిపోదు. పాలకవర్గంలోని ఒక పెద్దమనిషి సలహా మీద అతడు రెండే కొన్నాడు. ఒకటి రెండో ఈత ఈనినది, మరొకటి ఐదు నెలల తరువాత ఈనవలసిన చూడిది. మిగిలిన డబ్బు ఇంటి ఖర్చుకు ఉంచుకున్నాడు.

మేత విషయంలో డెల్టా వారం అదృష్టవంతులం. వరికోతకు ముందు చేలో చల్లిన పిల్లిపెసర, జనుము పచ్చిమేతగా అందివస్తాయి. అవి లేని రోజుల్లో వరిగడ్డిని మాగవేసుకోవచ్చు. నూరు కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా, యాభై నుండి అరవై లీటర్ల నీళ్ళలో కరగించి చల్లి, తొక్కి, గాలి చొరకుండా కప్పి మూడు వారాలు ఉంచాలి. విప్పిన తరువాత ఆరబెట్టి పెట్టాలి. లేగదూడలకు పెట్టకూడదు. యూరియా నీళ్ళు పశువు తాగితే ప్రాణానికే ముప్పు. ఎద విషయంలో గేదె గుట్టు మనిషి, అందులోనూ ఎండాకాలంలో. ఒక్క ఎద తప్పిపోతే ఇరవై ఒక్క రోజుల మేత దండుగ. పశువుల బీమా గురించి 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసిన దివిసీమ వారికి నేను చెప్పనక్కరలేదు.

ఇప్పుడు టెస్టరు వేళాకోళం దగ్గరకు వద్దాం. ఈ సభ్యుని పాలకు ఎప్పుడూ 7 శాతం దరిదాపుల్లో వెన్న వస్తుంది. ఆ రోజు యంత్రం 6 చూపింది. "ఏం అకౌంటెంటు గారూ, నీళ్ళు కూడా లెక్క రాసి పోశారా?" అన్నాడట టెస్టరు. వరుసలో ఉన్నవారు నవ్వారు. టెస్టరు చెడ్డవాడు కాదు. అతనికి అది ఒక మాట. ఇతనికి మాత్రం గుమ్మం పక్క కుర్చీ మళ్ళీ వేసినట్లయింది. మూడు రోజులు పాలు పక్కఊరి హోటలుకు తక్కువ ధరకు పోశాడు.

రోజుకు 6 కిలోలకు 7 శాతమైతే వెన్న 420 గ్రాములు, 6 శాతమైతే 360. పది రోజుల బిల్లులో 600 గ్రాముల వెన్న పోతుంది. అవమానం వేరే.

మరునాడు ఉదయం అతన్ని పిలిపించి పాలు పోయించాను. యంత్రం 6.1 చూపింది. దానిని కడిగి సరిచేయించి మళ్ళీ చూస్తే 6.9. యాసిడ్ పరీక్ష చేయిస్తే అదే 6.9. తప్పు పాలలో లేదు. ఆ వారం యంత్రాన్ని ఎవరూ శుభ్రం చేయలేదు. అందరి వెన్నా తక్కువగానే పడింది, అడిగినవారు లేరు. ఆ వారం తేడా అందరికీ సరిచేయమని తనిఖీ నివేదికలో రాశాను. టెస్టరు నలుగురిలోనే "పొరపాటైందండీ" అన్నాడు.

మన ఉద్యమం పుట్టిందే ఇటువంటి జులుం నుండి. నేటి గుజరాత్‌లోని ఖేడా జిల్లా నుండి బొంబాయికి పాలు పంపే హక్కు పోల్సన్ కంపెనీ ఒక్కదానికే ఉండేది. మధ్యనున్న కాంట్రాక్టర్లు చెప్పిందే ధర. రైతులు పదిహేను రోజులు పాలు పోయడం మానివేశారు. సర్దార్ పటేల్ సలహాతో, త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వంలో వారి యూనియన్ 1946 డిసెంబరు 14న రిజిస్టరయింది. తరువాత అమూల్ అయినది అదే. కొలత, పరీక్ష రైతు కళ్ళ ఎదుట జరగాలన్నది వారి పద్ధతికి ప్రాణం. స్వయం ఉపాధిలో పైఅధికారి ఉండడు గాని, కొనేవాడు ఉంటాడు. ఆ కొనేవాడు మనమే కాబట్టి యంత్రం అంకె సభ్యునివైపు తిప్పి ఉంచండి, చీటీ అప్పుడే ఇవ్వండి, అనుమానం వస్తే ప్రక్కకు పిలిచి అడగండి.

నేను సర్వీసులో చేరిన కొత్తలో ఒక పైఅధికారి నా లెడ్జరు నేలకు విసిరికొట్టాడు. వంగి తీసుకున్నాను. పదిహేనేళ్ళ తరువాత ఒక సంఘంలో నేనే ఒక గుమాస్తా పుస్తకాన్ని బల్ల మీద నుండి తోసివేశాను. అతడూ అలాగే వంగి తీసుకున్నాడు. క్షమాపణ చెబుదామని తిరిగి వెళ్ళేసరికి బదిలీ మీద వెళ్ళిపోయాడు.

మొన్నటి తనిఖీకి రెండో గేదె ఈనింది, పెయ్యదూడ. సభ్యుల పాస్ పుస్తకాలు రాయడంలో కార్యదర్శికి మన కుర్రవాడు సాయపడుతున్నాడు. పట్నం మాత్రం ఇప్పటికీ వెళ్ళడు. మందులు కావాలన్నా మొవ్వ వరకే. మూడో గేదె ఎప్పుడని అడిగాను. "పిల్లిపెసర ఎలా మొలుస్తుందో చూసి చెబుతానండీ" అన్నాడు.