మాస్కులోంచి వన్స్ మోర్

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చాక మా జంగారెడ్డిగూడెంలో నాకు నాటకమైనా, బొమ్మల ప్రదర్శనైనా ఫోన్లోనే. సురభి వాళ్ళ ‘మాయాబజార్’ అలాగే చూశాను. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన నాటకరంగం వాళ్ళది. స్టేజీ మీదే మంటలు పుట్టిస్తారు, గాల్లో బాణాలు ఢీకొట్టిస్తారు. ఫోన్లో ఇవి మామూలుగానే అనిపిస్తాయి. గ్రాఫిక్స్‌కి అలవాటుపడ్డ కళ్ళు కదా మనవి! అదే హాల్లో, తీగ మీద నడుస్తోందని తెలిసినా, బాణం ఎదురుగా కదిలితే ఒళ్ళు జలదరిస్తుంది.

పద్యనాటకానికైతే జనం ఇంకా అవసరం. రాగం నచ్చితే ‘వన్స్ మోర్’ అంటారు, నటుడు మళ్ళీ పాడతాడు. వీడియో వెనక్కి జరిపినా పద్యం వస్తుంది, కానీ అది మనం అడిగినందుకు పాడింది కాదు.

బొమ్మలు మనకోసం ఆగగలవు. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో, 28 ఏళ్ళు నిండకుండానే, మశూచితో పోయారు. ఆయన బొమ్మలు అక్కడి గ్యాలరీలో ఇప్పటికీ చూడొచ్చు. నాటకానికి ఆ వీలు లేదు, ఆడుతున్నప్పుడే మనం ఉండాలి.

2020 అక్టోబరు 15 నుంచి థియేటర్లను సగం సీట్లతో తెరవడానికి కేంద్రం అనుమతించింది. నాటకానికి సగం హాలైనా చాలు. మాస్కులోంచి అన్నా ‘వన్స్ మోర్’ నటుడికి వినబడుతుంది.