ఢిల్లీ కనకాంబరానికి కొమ్మే విత్తనం

తొలకరి పడింది, గాలిలో తేమ చేరింది. ఢిల్లీ కనకాంబరం కొమ్మలు పెట్టుకోవడానికి ఇవే అనువైన రోజులు.

నాటు కనకాంబరానికి గింజలుంటాయి. ఎండిన కాయకు తడి తగిలితే టప్పున పగిలి గింజల్ని దూరంగా చిమ్ముతుంది. ఢిల్లీ రకం అలా కాదు. దాని కణాల్లో క్రోమోజోములు మూడు వరుసలుంటాయి. సమంగా విడిపోవడం కుదరక గింజ కట్టదు. ఎవరైనా ఢిల్లీ కనకాంబరం గింజలని చెప్పి అమ్మితే కొనకండి.

వాడు తెగులు లేని చాళ్లలో, పచ్చగా గుబురుగా ఉన్న తల్లి మొక్కల్ని ముందే గుర్తు పెట్టుకోండి. మరీ లేత కొమ్మ కుళ్లిపోతుంది, ముదురుది వేరు పట్టడానికి ఆలస్యం చేస్తుంది. రెంటికీ నడుమ, పూలకంకి లేని కొమ్మ కావాలి. పొద్దున్నే, కణుపుకు కాస్త కింద పదునైన కత్తితో 10 నుంచి 12 సెంటీమీటర్ల ముక్క కోయండి. కింది ఆకులు తీసేసి, పైన రెండు జతలు ఉంచి, పెద్ద ఆకుల్ని సగానికి కత్తిరించండి. నాటేదాకా తడి గోనెలో చుట్టి ఉంచాలి.

లీటరు నీటికి 1 గ్రాము కార్బెండజిమ్ కలిపిన మందులో ముంచి ఆరనిచ్చాక, కోసిన కొసకు వేరు హార్మోను పొడి పలుచగా అద్దండి. కొమ్మను నేరుగా మట్టిలోకి గుచ్చితే పొడి పైనే రాలిపోతుంది. పుల్లతో ముందు గుంట చేసి, ఒకటి రెండు కణుపులు మట్టిలో ఉండేలా నాటి చుట్టూ అదమండి.

అన్నిటికంటే ముఖ్యం మట్టి. కనకాంబరానికి నులిపురుగులే పెద్ద శత్రువులు. కొమ్మ ముక్కలో అవి రావు, నర్సరీ సంచిలోని మట్టితో వస్తాయి. పాత కనకాంబరం, వంగ, టమాటా వేసిన మడి మట్టిని సంచుల్లోకి ఎత్తకండి. ఎర్రమట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు సమపాళ్లలో కలిపి, కొద్దిగా వేపపిండి చేర్చండి. వేసవిలో ఆ మట్టిని తడిపి, పారదర్శక పాలిథీన్ షీటు కప్పి నాలుగైదు వారాలు ఎండకు వదిలినవారికి సగం పని అయిపోయినట్టే. ఈసారి కుదరకపోతే వచ్చే ఏప్రిల్‌లో మరచిపోకండి.

సంచుల్ని షేడ్‌నెట్ కింద పెట్టి, రోజుకు రెండు మూడుసార్లు సన్నని తుంపరగా నీళ్లు చల్లండి. నీరు నిలిస్తే కొమ్మ నల్లబడుతుంది. చిగురు కనబడగానే వేరొచ్చిందని సంబరపడొద్దు. కొమ్మలో దాచుకున్న బలంతో కూడా చిగురు వస్తుంది. మూడు నాలుగు వారాలయ్యాక మెల్లగా లాగి చూడండి, మట్టి పట్టు వదలకపోతే వేరు పట్టినట్టే. తరువాత కొద్దికొద్దిగా ఎండకు అలవాటు చేసి నాటుకోవచ్చు.

పొలంలో 60 × 40 సెంటీమీటర్ల ఎడం చాలు. ఆ లెక్కన ఎకరాకు సుమారు 16,800 మొక్కలు పడతాయి. గట్ల వెంట, చాళ్ల మధ్య బంతి వేస్తే నులిపురుగుల ఉధృతి తగ్గుతుంది.

మొక్కలు బయట కొనేవారికి ఒక్క మాట. బేరం కుదరకముందే నాలుగైదు సంచులు విప్పించి వేర్లు నీళ్లలో కడిగి చూడండి. బుడిపెలు గానీ నల్లటి మచ్చలు గానీ కనబడితే ఆ మొక్కలు ఎంత చవకైనా తీసుకోవద్దు.