శాతం వెనుక ఉన్న లెక్క: ప్రజారోగ్య పీజీకి వెళ్లాలనుకునే మన పిల్లల మార్కుల సంగతి



స్కాలర్‌షిప్ దరఖాస్తులు ముందు పెట్టుకుని కూర్చున్నప్పుడు మనందరి చూపు మొదట వెళ్లేది ఒక్క గడి మీదికే. శాతం ఎంత? ఇప్పుడు డిగ్రీ పిల్లల మెమోల్లో ఆ గడిలో శాతం ఉండదు, 6.4 అనో 7.1 అనో ఉంటుంది. "పదికి ఆరేనా?" అని కాగితం పక్కన పెట్టేసేవాళ్లూ ఉన్నారు. సైన్సు డిగ్రీ చేసి ప్రజారోగ్యంలో పీజీ, అంటే ఎం.పి.హెచ్., చదువుతామని వచ్చే మన ఆడపిల్లల విషయంలో ఈ అంకెను సరిగా చదవడం చాలా అవసరం. వాళ్లకు తలుపు తెరిచేదీ మూసేదీ చాలాసార్లు అదే.

ముందుగా ఆ చదువు ఏమిటో రెండు మాటలు. డాక్టరు తన ముందు కూర్చున్న రోగిని చూస్తాడు. ప్రజారోగ్యం చదివినవాళ్లు ఒకే వాడలో పదిమందికి అదే జబ్బు ఎందుకు వచ్చిందని అడుగుతారు. మన జిల్లాలో బీడీలు చుట్టే తల్లుల దగ్గు, కళ్ల మంట, నడుంనొప్పి ఇలాంటి ప్రశ్నలే. పసుపు ఊరివాళ్లం కాబట్టి ఇంకో ఉదాహరణ చెబుతాను. బంగ్లాదేశ్‌లో గర్భిణుల రక్తంలో సీసం ఎందుకు ఎక్కువగా ఉందని వెతుకుతూ వెళ్లిన పరిశోధకులు చివరికి పసుపు దగ్గర తేలారు. రంగు మెరవాలని కొమ్ములకు లెడ్ క్రోమేట్ అనే పసుపుపచ్చ రంగు పూస్తున్నారు. 2019లో ఆ సంగతి బయటపెట్టారు. ప్రభుత్వం ప్రచారం చేసింది, జరిమానాలు వేసింది. మార్కెట్ నమూనాల్లో 47 శాతంగా ఉన్న కల్తీ 2021 నాటికి సున్నాకు వచ్చింది. ఒక్క మందుబిళ్ల ఇవ్వకుండా ఎంతమందిని కాపాడారో చూడండి. ఈ పని చేయడానికి ఎంబీబీఎస్ ఒక్కటే దారి కాదు. చాలాచోట్ల బీఎస్సీ, నర్సింగ్, ఫార్మసీ, సోషల్ వర్క్ చదివినవాళ్లనూ ఎం.పి.హెచ్.లోకి తీసుకుంటారు.

ఇక లెక్క. వ్యాపారులకు ఇది నాకంటే బాగా తెలుసు. 20 క్వింటాళ్లు క్వింటాలు 12,000 చొప్పున, 5 క్వింటాళ్లు 16,000 చొప్పున అమ్మితే సరాసరి ధర 14,000 అని ఎవరూ అనరు. మొత్తం 3,20,000 రూపాయలను 25 క్వింటాళ్లతో భాగిస్తే 12,800. తూకం ఎక్కువున్న సరుకే సరాసరిని తనవైపు లాగుతుంది. మెమోలో క్రెడిట్లు అనేవి ఈ తూకమే. ఒక అమ్మాయికి 5 క్రెడిట్ల సబ్జెక్టులు మూడింటిలో 8, 7, 6 పాయింట్లు, 4 క్రెడిట్ల ఇంగ్లిషులో 5, 2 క్రెడిట్ల పర్యావరణంలో 9 వచ్చాయనుకుందాం. ఊరికే కూడి అయిదుతో భాగిస్తే 7. క్రెడిట్లతో గుణించి కూడితే 143, దాన్ని 21 క్రెడిట్లతో భాగిస్తే 6.81. తేలిక సబ్జెక్టులో 9 తెచ్చుకున్నామని మురిసిపోయే పిల్లలకు ఈ సంగతి మొదటి నెలలోనే చెప్పాలి.

అసలు దెబ్బ మొదటి ఏడాదిలో తగులుతుంది. ఉర్దూ మీడియంలోనో తెలుగు మీడియంలోనో ఇంటర్ చేసిన అమ్మాయి డిగ్రీలో ఒక్కసారిగా ఇంగ్లిషు పుస్తకాల్లో పడుతుంది. ఆరు సెమిస్టర్లలో ఆమె పాయింట్లు 5.0, 5.2, 6.0, 6.4, 6.8, 7.0 అనుకోండి. క్రెడిట్లు సమానమైతే సరాసరి 6.07. ఎదుగుతూ వచ్చిన పిల్ల అని మనకు కనిపిస్తుంది, సరాసరికి కనిపించదు. చివరి సెమిస్టరులో 7 బదులు 8 తెచ్చుకున్నా అది 6.23 దాటదు. అదే మొదటి రెండు సెమిస్టర్లలో తలా ఒక పాయింటు పెరిగి ఉంటే 6.4 అయ్యేది.

ఈ 6.07ను శాతంలోకి మార్చడంలోనూ చిక్కుంది. పదితో గుణిస్తే 60.7. సీబీఎస్‌ఈ పద్ధతిలో 9.5తో గుణిస్తే 57.7. జేఎన్‌టీయూ హైదరాబాద్ తన విద్యార్థులకు పెట్టిన సూత్రంలో అర పాయింటు తీసేసి పదితో గుణించాలి, అలా అయితే 55.7. ఒకే పిల్ల, మూడు శాతాలు. మన రాష్ట్ర ప్రభుత్వం మైనారిటీ విద్యార్థులకు విదేశాల్లో పీజీ కోసం 20 లక్షల దాకా ఇచ్చే పథకానికి డిగ్రీలో 60 శాతం కావాలి. ఆ గీతకు ఎటు పక్క ఉన్నామన్నది ఏ సూత్రం వాడామన్నదాన్ని బట్టి మారిపోతుంది. కాబట్టి నెట్ సెంటరులో ఎవరో వేసిన లెక్క దరఖాస్తులో రాయకూడదు. చదివిన విశ్వవిద్యాలయం నుంచే మార్పిడి పత్రం తీసుకోవాలి.

మన దేశంలో ఎం.పి.హెచ్.కు చాలాచోట్ల 50 లేదా 55 శాతం ఉంటే దరఖాస్తు చేయవచ్చు. ఆ తర్వాత ప్రవేశ పరీక్షో ఇంటర్వ్యూనో రెండూనో ఉంటాయి. హైదరాబాద్‌లోనే కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది, 2008లో మొదలైన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ ఉంది. తిరువనంతపురంలోని అచ్యుత మీనన్ కేంద్రం 1997 నుంచే ఈ కోర్సు నడుపుతోంది. ఇక్కడ మనవాళ్లు తరచూ పొరబడే విషయం ఒకటుంది. రాష్ట్రంలో బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది కదా అని కేంద్ర సంస్థల్లోనూ మార్కుల సడలింపు వస్తుందనుకుంటారు. కేంద్ర ఓబీసీ జాబితా వేరు. అందులో తమ వర్గం పేరు ఉంటేనే సడలింపు. దూదేకులవారి పేరు అందులో ఉంది. బీసీ-ఈ పిల్లలు చాలామంది అక్కడ జనరల్ కిందికే వస్తారు, ఆదాయాన్ని బట్టి ఈడబ్ల్యూఎస్ చూసుకోవాలి.

అమెరికా సంగతి కొంచెం వేరు. అక్కడ నాలుగు పాయింట్ల కొలత, చాలా కోర్సులు 3.0 అడుగుతాయి. మన 7ను 2.5తో భాగించి 2.8 వచ్చిందని నిరాశపడేవాళ్లను చూశాను. అలా భాగించకూడదు. డబ్ల్యూఈఎస్ వంటి సంస్థలు ఒక్కో సబ్జెక్టును విడిగా చూసి అక్కడి గ్రేడుగా మారుస్తాయి. మన ఫస్ట్ క్లాసు మార్కులు వాళ్ల కొలతలో మనం అనుకున్నదానికంటే పైనే పడతాయి. పైగా అక్కడ సరాసరి ఒక్కదాన్నే చూడరు. మార్కులు ఏటేటా పెరిగాయా, గ్రామాల్లో ఏమైనా పని చేశారా, అధ్యాపకులు ఏం రాశారు, ఎందుకు చదవాలనుకుంటున్నారు అనేవీ చదువుతారు. 6.07 పిల్లకు తన కథ చెప్పుకునే చోటు అదే. అయితే మూడేళ్ల డిగ్రీని అన్ని విశ్వవిద్యాలయాలూ ఒప్పుకోవు. ఫీజు కట్టకముందే అడిగి తెలుసుకోవాలి.

ఇప్పుడు దాతలతో నేరుగా ఒక మాట. మన సాయం ఎక్కువగా సీటు వచ్చాక, ఫీజు రసీదు చూశాక అందుతోంది. అప్పటికి సరాసరి ఖాయమైపోయి ఉంటుంది. సీటు రాని పిల్ల మన దాకా రానే రాదు. డిగ్రీ మొదటి ఏడాది ఇంగ్లిషు ట్యూషనుకు, ఇంప్రూవ్‌మెంట్ పరీక్ష ఫీజుకు, ట్రాన్స్‌క్రిప్టులకు అయ్యే ఖర్చు పీజీ ఫీజులో ఏ మూలకూ రాదు. దాని ఫలితం మాత్రం మూడేళ్ల సరాసరి మీద పడుతుంది. మరొకటి, మన జకాత్, సదఖా ఎక్కువగా రంజాన్‌లో జమవుతాయి. రంజాన్ ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, పరీక్ష ఫీజు గడువు మాత్రం యూనివర్సిటీ చెప్పిన తేదీనే. అందుకని వచ్చిన దాంట్లో కొంత ఏడాది పొడవునా తీసుకునేలా విడిగా ఉంచితే బాగుంటుంది. మొదటి సెమిస్టరు మెమోలు రాగానే పిల్లల్ని తీసుకురమ్మని తల్లిదండ్రులకు కబురు పెడదాం. క్రెడిట్ల లెక్క వేసి, ఏ సబ్జెక్టుకు మళ్లీ రాస్తే ఎంత పెరుగుతుందో కాగితం మీద చూపించే పని ఆదివారాలు నేను చూసుకుంటాను. ఇంగ్లిషు చెప్పగలిగినవాళ్లు ఒకరిద్దరు తోడైతే చాలు.