పాఠం 9: గాలి కంప్రెసర్ దగ్గర పనిచేసేవారికి జాగ్రత్తలు

9.1 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు కంప్రెసర్ ట్యాంకులోని పీడనం ఎంత బలంగా నొక్కుతుందో లెక్కకట్టగలుగుతారు; ట్యాంకు లోపలినుంచి ఎందుకు పాడవుతుందో వివరించగలుగుతారు; పని మొదలుపెట్టే ముందు ఏమేమి చూడాలో చెప్పగలుగుతారు.

9.2 పరిచయం

మీ ఊళ్ళో పంక్చరు షాపును ఒకసారి గుర్తుకు తెచ్చుకోండి. ఒక మూల రంగువేసిన ఇనుప ట్యాంకు, దానిమీద మోటారు, పంపు, బెల్టు, పక్కనే చుట్టి ఉంచిన రబ్బరు పైపు ఉంటాయి. గ్యాసు సిలిండరును చూస్తే మనం జాగ్రత్తపడతాం. ఈ ట్యాంకును ఆనుకుని కూర్చుని టీ తాగుతాం. గాలి అంటుకోదు కదా అని ధైర్యం! నిజమే, గాలి అంటుకోదు. అయితే ఈ పాఠంలో చెప్పే ప్రమాదానికి నిప్పుతో పనిలేదు.

9.3 ట్యాంకులో ఎంత బలం ఉంది?

ఇంట్లో కుక్కరు విజిల్ వేసేటప్పుడు లోపలి ఆవిరి, బయటి గాలి కంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో ఎక్కువగా నొక్కుతుంది. పంక్చరు షాపు ట్యాంకులో ఇది 8 కిలోలదాకా ఉండవచ్చు. మెకానిక్కులు పౌండ్లలో చెబుతారు. వారి లెక్కలో ఇది సుమారు 114 పౌండ్లు.

ఇప్పుడు ట్యాంకు చివర ఉన్న గుండ్రని మూతను తీసుకోండి. దాని వ్యాసం 40 సెంటీమీటర్లు అనుకుందాం. వైశాల్యం సుమారు 1,257 చదరపు సెంటీమీటర్లు. దీన్ని 8తో గుణిస్తే 10,056 కిలోలు, అంటే 10 టన్నులకు పైమాటే. ఆ మూతను అతికించిన వెల్డింగు ఇంత బలాన్నీ రాత్రింబగళ్ళు ఆపుతూ ఉండాలి. మోటారు ఆపినంతమాత్రాన ఈ బలం పోదు. గాలి బయటికి వదిలితేనే పోతుంది.

ట్యాంకులను పరీక్షించేటప్పుడు గాలితో కాక నీటితో నింపి పీడనం ఎక్కిస్తారు. ఎందుకో ఆలోచించారా? నీరు నొక్కితే దాదాపు కుదించుకోదు. రేకు చీలితే కాస్త నీరు చిమ్మి పీడనం పడిపోతుంది. గాలి అలా కాదు. అది నొక్కిపట్టిన స్ప్రింగు వంటిది. 8 కిలోల పీడనంలో ఉన్న గాలి బయటపడితే సుమారు 9 రెట్లు వ్యాకోచిస్తుంది. అందుకే ట్యాంకు చీలడంతో ఆగక ముక్కలై ఎగురుతుంది.

9.4 లోపలి నీరు, తుప్పు

గాలిలో ఎప్పుడూ కొంత తేమ ఉంటుంది. నొక్కిన గాలి ట్యాంకులో చల్లబడగానే ఆ తేమ నీరై అడుగున చేరుతుంది. వానాకాలంలోనూ, సముద్రతీరపు ఊళ్ళలోనూ ఇది మరీ ఎక్కువ. ఆ నీరు నిలిచిన చోట రేకు తుప్పుపట్టి పలచబడుతుంది. పైన ఏటా కొత్తరంగు వేసినా లోపలి తుప్పు ఆగదు. పైగా కనిపించకుండా పోతుంది.

“ఇన్నేళ్ళుగా వాడుతున్నాం, ఏమీ కాలేదు” అని యజమాని అనవచ్చు. గేజీ నిన్న చూపిన అంకెనే ఈరోజూ చూపుతుంది. కాని ఆ పీడనాన్ని మోసే రేకు నిన్నటికంటే పలచబడి ఉంటుంది. ఇన్నేళ్ళు వాడడమే జాగ్రత్తపడవలసిన కారణం.

కాబట్టి రోజూ పని ముగిశాక గాలిని చాలావరకు వదిలేసి, అడుగున ఉన్న డ్రెయిన్ వాల్వు తెరచి, నీరంతా పోయేదాకా ఉంచండి. తుప్పురంగు నీరు వస్తే ట్యాంకును పరీక్షకు పంపించాలి. అడుగున చెమ్మ, తుప్పు చార కనిపిస్తే ఆరోజే వాడకం ఆపాలి. అక్కడ వెల్డింగు అతుకు వేయించడం, ఎమ్‌సీల్ పూయడం పనికిరావు. పలచబడింది ఆ ఒక్కచోటే అని ఎవరు చెప్పగలరు?

సురక్షితమైన పీడనం దాటకుండా తగిన ఏర్పాట్లు చేయాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 31వ సెక్షను చెప్పింది. కాని కరెంటు వాడేచోట కనీసం 10 మంది పనివారుంటేనే ఆ చట్టం దాన్ని ఫ్యాక్టరీగా లెక్కించింది. ఇద్దరు ముగ్గురు పనిచేసే షాపుకు ఇన్‌స్పెక్టరు వస్తాడని ఎదురుచూడకండి. పాత ట్యాంకు కొనేటప్పుడు నేమ్‌ప్లేటు మీద పని పీడనం, పరీక్ష పీడనం ఉన్నాయేమో చూడండి. ప్లేటు లేని ట్యాంకు ఎంత చవకైనా వద్దు.

9.5 సేఫ్టీ వాల్వు

నిర్ణీత పీడనం రాగానే ప్రెషర్ స్విచ్చి మోటారును ఆపుతుంది. స్విచ్చి పాయింట్లు అతుక్కుపోతే మోటారు ఆగదు. అప్పుడు మిమ్మల్ని కాపాడేది సేఫ్టీ వాల్వు ఒక్కటే. అది మాటిమాటికీ బుస్సుమంటోందని బిగించేవారున్నారు, ఏకంగా బోల్టుతో మూసేవారూ ఉన్నారు. కుక్కరు విజిల్ రంధ్రంలో మేకు కొట్టడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. వాల్వు బుస్సుమంటే ముందు స్విచ్చిని, గేజీని బాగుచేయించండి.

9.6 పైపు చివర

బట్టల మీది దుమ్మును ఈ గాలితో దులుపుకోకండి. చర్మం మీది గాయంలోనుంచి గాలి లోపలికి పోవచ్చు. కంటికి నలుసు తగలవచ్చు. తమాషాకు తోటివారి శరీరంలోకి గాలి కొట్టగా పేగులు చిట్లి ప్రాణాలు పోయిన ఘటనలు మన దేశంలో జరిగాయి. కొత్తగా చేరిన పిల్లలే ఎక్కువగా ఇటువంటి ఆటలకు గురవుతారు. చూస్తే వెంటనే ఆపండి.

లాకింగ్ రింగు ఉన్న లారీ చక్రానికి గాలి పట్టేటప్పుడు దాని ఎదుట నిలబడవద్దు. చక్రాన్ని ఇనుప బోనులో ఉంచి, పొడవైన పైపుతో పక్కనుంచి పట్టాలి.

9.7 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ట్యాంకు మూత వ్యాసం 30 సెంటీమీటర్లు, పీడనం చదరపు సెంటీమీటరుకు 7 కిలోలు అయితే మూతమీద పడే బలం ఎంత?

2. ట్యాంకును నీటితో పరీక్షించడానికి కారణం రాయండి.

3. మీకు దగ్గరలోని పంక్చరు షాపుకు వెళ్ళి, యజమాని అనుమతితో కంప్రెసర్‌ను చూడండి. నేమ్‌ప్లేటు ఉందా? డ్రెయిన్ వాల్వు చివరిసారి ఎప్పుడు తెరిచారు? తెలుసుకుని మీ నోటుపుస్తకంలో రాయండి.