త్రాగునీరు – ఎముకల బిగువు: నిమ్స్ పరిశోధన నేర్పిన పాఠము

కొన్నేళ్ల క్రితం అమీర్‌పేటలోని నా చికిత్సాలయానికి నల్లగొండ ప్రాంతపు రైతు ఒకరు వచ్చారు. మెడ, నడుము కర్రవలె బిగుసుకొని ఉన్నాయి. వాతవ్యాధిగా భావించి ఆరు నెలలు మహానారాయణ తైల మర్దనము, స్వేదనము చేయించాను. గుణము కనిపించలేదు సరికదా, కాళ్లు తూలసాగాయి. అప్పుడు పంజాగుట్టలోని నిమ్స్‌కు పంపాను. అది ఫ్లోరోసిస్ అని తేలింది. ఆయన ఏ నీరు త్రాగుతున్నారో నేను ఒక్కసారైనా అడగలేదు. ఆ లోపము నాదే.

నాటి నుండి ఈ వ్యాధిపై జరిగిన పరిశోధనలను శ్రద్ధగా చదివాను. నిమ్స్ 1964లో నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా ఆరంభమై, 1989 చట్టముతో విశ్వవిద్యాలయ ప్రతిపత్తి పొందినది. దానికి సంచాలకులుగా పనిచేసిన నాడీశస్త్ర నిపుణులు డా. డి. రాజారెడ్డి గారు ఫ్లోరోసిస్ వలన నాడీమండలానికి కలిగే హానిని దీర్ఘకాలము పరిశీలించి, 2009లో 'న్యూరాలజీ ఇండియా' పత్రికలో సమగ్ర వ్యాసము ప్రకటించారు.

వ్యాధి కలుగు విధము

నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించి, ఏళ్ల తరబడి త్రాగినచో అది ఎముకలలో పేరుకొనును. వెన్నుపూసలను కలిపే స్నాయువులు గట్టిపడి ఎముకవలె మారును. వెన్నెముక లోపలి నాళము ఇరుకై వెన్నుపాము నలుగును. కాళ్లు తూలుట అందువలననే. ఈ దశలో తైలము పైపూతయే కాని చికిత్స కాదు.

వంటింటి చింతపండు

ఇదే నగరములో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2002లో ఒక అధ్యయనము ప్రకటించినది. 18 మంది బాలురకు 18 దినములు మధ్యాహ్న భోజనముతో రోజుకు 10 గ్రాముల చింతపండు ఇవ్వగా, మూత్రము ద్వారా ఫ్లోరైడ్ విసర్జన పెరిగినది. ఇది సహాయకారి మాత్రమే. బిగిసిన వెన్నును సడలించు ఔషధమని భ్రమపడరాదు.

పాఠకులు పాటించవలసినవి

1. బోరు, బావి నీటిని పరీక్ష చేయించవలెను.
2. నీటిని మరిగించిన ఫ్లోరైడ్ పోదు. నీరు ఇగిరి మరింత చిక్కబడును.
3. సున్నము లోపించిన ఆహారముతో వ్యాధి తీవ్రమగును. పాలు, రాగులు, నువ్వులు, ఉసిరిక తీసుకొనవలెను.
4. నడక తూలినచో నాడీ వైద్య నిపుణులను వెంటనే సంప్రదించవలెను.

తెలంగాణలో 2016లో ఆరంభమైన మిషన్ భగీరథ నదీజలాలను పల్లెలకు చేర్చినది. అయినను పాత నీటి వలన ఎముకలలో చేరినది త్వరగా పోదు. అందుచేత కీళ్లు బిగిసిన రోగి నాడి పట్టుకొనుటకు ముందే నేడు నేను అడిగే ప్రశ్న ఒక్కటే: "మీ ఊరిలో ఇంతకాలము ఏ నీరు త్రాగారు?"