ఫర్నేస్ దగ్గర పనికి చేరుతున్నారా?

కొత్తూరు, షాద్‌నగర్ దాటి బాలానగర్ దాకా హైవే వెంట తుక్కు కరిగించి ఉక్కు తీసే కంపెనీలున్నాయి. పాలమూరు, నల్లగొండ పల్లెల నుంచి అక్కడికి హెల్పర్లుగా వెళ్లేవాళ్లు జీతం సంగతి ఎలాగూ అడుగుతారు. దాంతోపాటు ప్రాణం తీసేవేమిటో కూడా తెలుసుకోవాలి.

తడి: కరిగిన ఉక్కు వేడి దాదాపు 1,600 డిగ్రీలు. దాని అడుగున నీళ్లు చిక్కుకుంటే క్షణంలో ఆవిరై 1,600 రెట్లకు పైగా ఉబ్బుతాయి, పైనున్న ఉక్కును ఎగజిమ్ముతాయి. అందుకే వానకు తడిసిన తుక్కు, మూత బిగిసిన డబ్బాలు, రెండు చివరలూ మూసుకుపోయిన పైపులు, పాత సిలిండర్లు ఛార్జింగ్‌కు (ఫర్నేస్‌లో తుక్కు వేయడానికి) ముందే ఏరిపారేయాలి. తొందరపెడితే నలుగురూ కలిసి షిఫ్ట్ ఇన్‌చార్జికి చెప్పండి: "సార్, తుక్కు తడిగా ఉంది, ఆరాక వేద్దాం." అదే మాట ఫొటోతో వాట్సాప్‌లో పెడితే తేదీ, టైముతో సహా రుజువుగా ఉంటుంది.

గ్యాస్: 2018 జూలై 12న తాడిపత్రి ఉక్కు కర్మాగారంలో కార్బన్ మోనాక్సైడ్ లీకై ఆరుగురు చనిపోయారు. ఆ గ్యాస్‌కు రంగు, వాసన ఉండవు. తోటివాడు పడిపోయాడని ఉత్త ముక్కుతో లోపలికి దూకితే మీరూ పడిపోతారు. ముందు కేకేయండి. గాలి సిలిండరున్న మాస్కు వేసుకున్నవాళ్లే లోపలికి వెళ్లాలి.

ట్రయల్: 2012 జూన్ 13న విశాఖ ఉక్కు కర్మాగారంలో కొత్త ఆక్సిజన్ యూనిట్ ట్రయల్‌లో పేలుడు జరిగి 19 మంది పోయారు. కొత్త యంత్రం మొదటిసారి నడిపేటప్పుడు, రిపేరయ్యాక స్టార్ట్ చేసేటప్పుడు అక్కడ పని లేనివాళ్లు దూరంగా ఉండాలి. క్రేన్ మీద లేడిల్ (కరిగిన ఉక్కు మోసే పెద్ద పాత్ర) కదులుతుంటే దాని కింద నడవొద్దు.

ఇంటివాళ్లకు: నెల జీతం 21,000 దాటకపోతే ఈఎస్ఐ (కార్మిక బీమా) నంబరు అడిగి తీసుకోండి. పనిలో ప్రాణం పోతే, చేరింది నిన్ననే అయినా, ఆధారపడినవారికి జీతంలో 90 శాతం లెక్కన పింఛను వస్తుంది. ఈఎస్ఐ లేనివారికి చట్టపు పరిహారం ఉంది. కాంట్రాక్టర్ కింద చేసినా కంపెనీ బాధ్యత తప్పదు. ఆ సొమ్ము కార్మిక శాఖ అధికారి దగ్గర జమ కావాలి. గేటు దగ్గర చేతిలో పెట్టిన డబ్బుతో లెక్క తీరదు. "ఇక ఏ బాకీ లేదు" అన్న కాగితం మీద సంతకం, వేలిముద్ర వేయొద్దు.

ఈఎస్ఐ నంబరు, కాంట్రాక్టర్ పేరు, ఫోన్ నంబరు ఇవాళే ఇంట్లో రాసిపెట్టండి.