మూడు దెబ్బలు చూసి నమ్మొచ్చా?

దూరపు గురి పోటీల్లో దిగే రైఫిలు వీరులు కొందరు కొట్లో అమ్మే తూటాలు వాడరు. అమెరికా వంటి దేశాల్లో ఖాళీ తొడుగులో మందు తూచి పోసి, గుండు బిగించి, తమ తూటా తామే తయారుచేసుకుంటారు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచెయ్యడం నేరం. కాబట్టి ఇది చదివి ఎవరూ ఆ పనికి దిగవద్దు. అయితే ఆ తూటా మంచిదో కాదో తేల్చే పద్ధతి మాత్రం సైన్సు విద్యార్థులందరూ తెలుసుకోదగ్గది. చాట్రాయి మామిడి తోటల్లో పెరిగిన నాకు దీనిమీద మనసు ఎందుకు పడిందో చివర్లో మనవి చేస్తాను.

పరీక్ష దూరంలోనే ఎందుకు పెట్టాలి? తూటా సెకనుకు 800 మీటర్ల వేగంతో బయల్దేరిందనుకోండి. గాలి నిరోధాన్ని పక్కన పెడితే, 100 మీటర్లు చేరేలోగా అది సుమారు 7.7 సెంటీమీటర్లు కిందికి జారుతుంది. 1000 మీటర్లకైతే 7.7 మీటర్లు జారుతుంది. దూరం పదింతలైతే జారుడు వందింతలన్నమాట. ఇప్పుడు మందు తూకంలో తేడా వచ్చి వేగం నూటికి ఒక వంతు తగ్గిందనుకుందాం. 100 మీటర్ల దగ్గర తేడా మిల్లీమీటరున్నర, కంటికి ఆనదు. 1000 మీటర్ల దగ్గర 15 సెంటీమీటర్లు! గాలి నిరోధం కూడా కలిస్తే ఇంకా ఎక్కువే.

గుండు వేగాన్ని కొలిచే దారి చూపినవాడు ఇంగ్లండుకు చెందిన బెంజమిన్ రాబిన్స్. వేలాడే బరువైన దిమ్మెను గుండుతో కొట్టించి, అది ఎంత ఊగిందో చూసి వేగం లెక్కగట్టే పద్ధతిని 1742లో ప్రకటించాడు. మనం ఇంటర్లో చదివిన ద్రవ్యవేగ నిత్యత్వ నియమమే! ఆయన 1750లో ఈస్టిండియా కంపెనీ ఇంజనీరుగా మన దేశం వచ్చి, మరుసటేడే కడలూరు దగ్గరి సెయింట్ డేవిడ్ కోటలో కన్నుమూశాడు.

ఇక పద్ధతికి వద్దాం. ఒకసారి ఒక్క అంశమే మార్చాలి. మందు తూకం మారిస్తే గుండు మార్చకూడదు. ఎన్ని దెబ్బలు కొట్టాలో ముందే అనుకోవాలి. రెండు రకాల తూటాలుంటే అది ఒకటి, ఇది ఒకటి చొప్పున కొట్టాలి. అప్పుడే గాలి, ఎండ, అలసట రెండింటికీ సమానంగా పంచబడతాయి. పక్కకి పోయిన దెబ్బను “చెయ్యి వణికిందిలే” అని కొట్టెయ్యకూడదు. రంధ్రాలు నిలువునా చెదిరితే వేగంలో తేడా ఉందేమో, అడ్డంగా చెదిరితే గాలి వల్లనేమో చూడాలి. ఇంకో రోజు మళ్లీ చెయ్యాలి.

హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిలు పోటీలో. అందులో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరే. ఆ స్థాయి పోటీల్లో రైఫిలును బిగింపులో పెట్టి, మనిషి చేతి తప్పు తీసేసి మరీ గుండ్లను పరీక్షిస్తారు.

అన్నిటికన్నా పెద్ద మోసం తక్కువ దెబ్బల్లో ఉంది. ఒక రైఫిలుతో మూడేసి దెబ్బలు కొడితే, అన్నిటికన్నా ఎడంగా ఉన్న రెండు రంధ్రాల మధ్య సగటున 24 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి. అదే తూటాతో ఐదేసి కొడితే 31, పదేసి కొడితే 38 వస్తుంది. తూటా మారలేదు, రైఫిలు మారలేదు. మూడు దెబ్బలు దాని అసలు చెదురును బయటపెట్టలేదు, అంతే.

నమ్మకం కుదరక, సెలవుల్లో ఉండేలుతో చేసి చూశాను. పంగకర్రను మామిడి మొద్దుకి కదలకుండా కట్టి, రబ్బరు ప్రతిసారీ ఒకే గుర్తు దాకా లాగాను. ల్యాబు త్రాసులో తూచి సమానం చేసిన మట్టి ఉండలు ఇరవై, కంటి అంచనాతో చేసినవి ఇరవై. మరకపడటానికి జాజులో ముంచాను. పది మీటర్ల దగ్గర రెండింటికీ పెద్ద తేడా లేదు. పాతిక మీటర్ల దగ్గర మొదటి మూడు దెబ్బల్లో తూచని ఉండలే గెలిచాయి! అక్కడితో ఆపేసి ఉంటే తప్పు రాసుకునేవాణ్ణే. ఇరవయ్యీ పూర్తయ్యేసరికి తూచనివి నిలువునా బాగా చెదిరాయి. బరువైన ఉండ నెమ్మదిగా పోయి ఎక్కువ జారుతుంది మరి.

ఇప్పుడు నా సంగతి. రెండేళ్ల కిందట తేనెమంచు పురుగు పడితే నాన్న ఒక కొత్త మందు మూడు చెట్లకి కొట్టి చూశారు. పూత నిలిచింది. అప్పు తెచ్చి తోటంతా కొట్టించారు. ఫలితం లేదు. ఆ మూడు చెట్లూ బావి పక్కవి, ఏ ఏడైనా బాగా కాసేవే. అప్పు ఇంకా తీరలేదు.

ఈసారి జాజు మరకల గోనెపట్టా నాన్నకి చూపించి, ఇరవై చెట్లకి నంబర్లు వేశాను. చీట్లు తీసి పదింటికి కొత్త మందు, పదింటికి పాత మందు అని రాసుకున్నాం. మొన్న మందు కొట్టాయన “ఫలానా తోటలో మూడు చెట్లు విరగకాశాయండీ” అన్నాడు.

“ఎన్ని చెట్లకి కొడితే మూడు?” అని నాన్న అడిగారు.